మంచు అనే ఒక్క మాట కింద ఏమేం దాక్కున్నాయో

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం సంచికలో గడ్డకట్టిన సరస్సు మీద నాలుగు స్నోమొబైల్స్ (ముందు స్కీలు అనే జారే పలకలు, వెనక చక్రాల బదులు తిరిగే ట్రాక్ అనే పట్టీ ఉన్న మంచు బండ్లు) వరసగా దూసుకుపోతున్న ఫోటో అర పేజీ వేశారు, పైన 'మంచు మీద మజా' అని హెడ్డింగ్ పెట్టారు. ఫోటో చాలా బాగుంది, కాదనను. కానీ ఆ అర పేజీ మొత్తం వెతికినా ఆ మంచు కింద నీళ్లున్నాయి అన్న మాటే లేదు. ఎంత మందం ఉంటే బండి ఎక్కించొచ్చు, ఎక్కడ ఎక్కించకూడదు, పడితే ఏం చెయ్యాలి, ఒక్క లైన్ కూడా రాయలేదు. అది చూసి మా చుట్టాలబ్బాయి ఫోన్ చేశాడు, "అన్నా మేం ఐదుగురం ఫ్రెండ్స్ మీ దగ్గరికి వస్తున్నాం, లేక్ మీద స్నోమొబైల్ తోలాలి, రెంటుకి ఎక్కడ ఇస్తారు" అని. వాడికి గంట సేపు ఫోన్లో చెప్పిందే ఇప్పుడు మీకు రాస్తున్నా. ఉత్తరం పెద్దదైపోయింది, తగ్గించి వేసుకున్నా పర్లేదు గానీ ప్రాణానికి సంబంధించిన ముక్కలు మాత్రం దయచేసి తీసెయ్యొద్దు.

నేను అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో 11 ఏళ్ల నుంచి ఉంటున్నా. ఇక్కడ చిన్నా పెద్దా కలిపి పదివేలకి పైనే సరస్సులు ఉంటాయి, చలికాలం వస్తే వాటి మీద మనుషులు నడుస్తారు, గుడిసెలు వేసుకుని చేపలు పడతారు, స్నోమొబైల్స్ తోలుతారు, ఐస్ బాగా మందం అయ్యాక కార్లు కూడా ఎక్కిస్తారు. మొదటిసారి చూసినప్పుడు నాకు అనిపించింది ఒక్కటే, ఇంతమంది తిరుగుతున్నారంటే గట్టిగానే ఉంటుందిలే అని. ఆ 'లే' అనేదే మనుషుల్ని ముంచుతుంది.

ముందు ఒక విషయం చెప్పాలి. మన భాషలో పొద్దున్నే గడ్డి మీద చుక్కలుగా ఉండేదీ మంచే, రోడ్డు కనపడకుండా కమ్మేసేదీ మంచే, ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే, నీళ్లు బిగుసుకుపోయి రాయిలా అయ్యేదీ మంచే. చిన్నప్పటినుంచీ అన్నిటికీ ఒకటే మాట వాడేసి అలవాటు కాబట్టి మనకి సరస్సు మీద కనపడే తెల్లటిదంతా ఒకటే వస్తువు అనిపిస్తుంది. నిజానికి అక్కడ బండి కింద ఒకదాని మీద ఒకటి మూడు నాలుగు రకాలు ఉంటాయి, ఒక్కోదాని బలం ఒక్కో రకం. పైన పడ్డ మెత్తటి మంచు, అంటే స్నో, బరువు మొయ్యదు సరికదా కిందున్న ఐస్ కి దుప్పటిలా పనిచేసి బయటి చలి తగలనివ్వదు, అందుకే పైన స్నో మందంగా ఉన్నచోట కింద ఐస్ తొందరగా పెరగదు. దాని కింద కొత్తగా గడ్డకట్టిన, నల్లగా నీలంగా అద్దంలా ఉండే ఐస్ ఉంటే అదే అన్నిటికన్నా గట్టిది. స్నో తడిసి మళ్లీ గడ్డకట్టిన తెల్ల ఐస్ కి అందులో సగం బలమే. ఇంక వసంతం వచ్చేసరికి ఐస్ నిలువు పుల్లల్లాగా విడివిడిగా అయిపోతుంది, అది కొలిస్తే అడుగు మందం ఉండొచ్చు, కాలు పెడితే మాత్రం పొడిపొడిగా విడిపోతుంది. కొలత ఒకటే, బలం ఒకటి కాదు. బండి మీద కూర్చుని చూస్తే ఇవన్నీ ఒకే తెల్ల మైదానం.

ఇంకొకటి ఉంది, స్లష్ అంటారు, ఇది కొత్తవాళ్లకి అసలు అర్థం కాదు. ఐస్ అంటే నీళ్ల మీద తేలుతున్న పలక కదా, దాని మీద రెండడుగుల స్నో పడితే ఆ బరువుకి పలక కిందకి దిగుతుంది, అప్పుడు పగుళ్లలోంచి నీళ్లు పైకొచ్చి ఐస్ కీ స్నోకీ మధ్యలో నిలబడతాయి. పైన స్నో దుప్పటి ఉంది కాబట్టి ఎముకలు కొరికే చలిలో కూడా ఆ నీళ్లు రోజుల తరబడి గడ్డకట్టవు. పైనుంచి చూస్తే ఏమీ తెలీదు, బండి అందులోకి పోయాక ట్రాక్ బురదలో ఎద్దుల బండి దిగబడ్డట్టు దిగబడిపోతుంది, దిగి లాగుదామంటే బూట్లలోకి నీళ్లు, పది నిమిషాలు ఆగితే ట్రాక్ కి పట్టిన స్లష్ రాయి అయిపోతుంది. మునిగిపోవడం లాంటిది కాదు ఇది, కానీ చీకటి పడే టైముకి, సరస్సు మధ్యలో, తడి కాళ్లతో, సిగ్నల్ లేని ఫోన్ తో ఉంటే ఇదే ప్రాణం మీదకొస్తుంది.

మరి ఎంత మందం ఉండాలి అంటే, ఇక్కడి సహజ వనరుల శాఖ వాళ్లు, అందరూ డీఎన్ఆర్ అంటారు, చెప్పేది ఇదీ. కొత్తగా కట్టిన గట్టి ఐస్ అయితే మనిషి నడవటానికి కనీసం 4 అంగుళాలు, స్నోమొబైల్ కి 5 నుంచి 7 అంగుళాలు, అదే తెల్ల ఐస్ అయితే దానికి రెట్టింపు. అంటే బండికి 10 నుంచి 14 అంగుళాలు కావాలి. ఈ అంకెలతో పాటు వాళ్లు ప్రతిసారీ ఇంకో మాట కూడా చెప్తారు, నూటికి నూరు శాతం సేఫ్ అయిన ఐస్ అంటూ ఎక్కడా ఉండదు అని. మనవాళ్లు అంకె పట్టుకుంటారు, ఆ రెండో మాట వదిలేస్తారు. ఎందుకంటే అంకె చూస్తే ధైర్యం వస్తుంది. ఒడ్డు దగ్గర డ్రిల్లు పెట్టి చూస్తే 8 అంగుళాలు ఉంది, ఇంకేముంది పదండి అంటారు. ఆ 8 అంగుళాలు ఆ చిల్లు చుట్టూ ఉన్న జాగా సంగతి మాత్రమే. అందుకే కనీసం 150 అడుగులకి ఒకసారి మళ్లీ చూసుకోమని చెప్తారు, చేపలు పట్టేవాళ్లు అయితే ముందు నడుస్తూ గునపం లాంటి ఇనప కడ్డీతో పొడుచుకుంటూ పోతారు, ఒకటి రెండు పోట్లకే కడ్డీ దిగబడితే వెనక్కి వచ్చేస్తారు. బండి మీద 80 కిలోమీటర్ల స్పీడులో పోయేవాడు ఏం పొడుస్తాడు, ఏం చూస్తాడు.

ఐస్ ఎక్కడ పల్చగా ఉంటుందో లోకల్ వాళ్లకి దాదాపు నోటికి వచ్చి ఉంటుంది. వాగు వచ్చి కలిసే చోట, సరస్సు నీళ్లు బయటికి పోయే చోట, రెండు సరస్సుల మధ్య ఇరుకు కాలువలాగా ఉండే చోట, బ్రిడ్జి కింద, అడుగున ఊటలు ఉన్న చోట, రెల్లు గడ్డి మొలిచిన చోట, బీవర్లు (నీళ్లలో గూడు కట్టే ఎలకజాతి జంతువులు) గూడు కట్టుకున్న చోట, పడవల రేవులు పాడవకుండా నీళ్లలోకి గాలి బుడగలు వదిలే మెషిన్లు పెట్టిన చోట. కదిలే నీళ్లు ఐస్ ని కిందనుంచి అరగదీస్తూ ఉంటాయి, పైకి ఏ గుర్తూ ఉండదు. డ్యాముల వెనకున్న రిజర్వాయర్లు అయితే ఇంకా మోసం, నీళ్లు వదిలాక లెవెల్ దిగిపోయి ఐస్ పలక కింద ఆసరా లేకుండా మిగిలిపోతుంది, మిద్దె కింద స్తంభాలు తీసేసినట్టు. ఇంక పెద్ద సరస్సుల మధ్యలో రెండు పలకలు ఒకదాన్నొకటి తోసుకుని లేచిన ఐస్ గట్లు ఉంటాయి, వాటి పక్కనే నీళ్లు తెరుచుకుని ఉండొచ్చు, రాత్రి పూట అది ఆఖరి క్షణం దాకా కనపడదు.

నేను ఇవన్నీ పుస్తకంలో చదివి రాయట్లేదు. ఆరేళ్ల క్రితం ఫిబ్రవరిలో మేం నలుగురం వెళ్లాం. బండ్లు రెంటుకి ఇచ్చిన షాపాయన హెల్మెట్లు ఇచ్చాడు, బ్రేక్ ఇది, యాక్సిలరేటర్ ఇది, ఎమర్జెన్సీ స్విచ్ ఇది అని ఐదు నిమిషాలు చూపించాడు, సంతకాలు పెట్టించుకున్నాడు. ఆ సరస్సు రెండు భాగాలుగా ఉంటుంది, మధ్యలో ఇరుకు. గుర్తులు పెట్టిన ట్రైల్, అంటే బండ్ల దారి, ఆ ఇరుకు దగ్గర ఐస్ దిగి ఒడ్డు మీదనుంచి చుట్టూ తిరిగి అవతల మళ్లీ ఐస్ ఎక్కుతుంది. ఎందుకు అలా తిప్పారో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. మాలో చిన్నవాడు, 24 ఏళ్లు ఉంటాయి, ఇరుకు దగ్గరికి వచ్చేసరికి నేరుగా అటు వెళ్లిన ఇంకో బండి ట్రాక్, అంటే మంచు మీద పడ్డ జాడ, చూశాడు. వాడెవడో వెళ్లాడు కదా అని తనూ పోనిచ్చాడు. నేను వెనక ఒక వంద మీటర్ల దూరంలో ఉన్నా. సినిమాల్లో చూపించినట్టు పెద్దగా పగిలిన చప్పుడు గానీ ఏమీ రాలేదు. బండి ముందు భాగం కొంచెం కిందకి వంగినట్టు కనపడింది, ఆ తర్వాత బండి లేదు, నల్లటి నీళ్లలో హెల్మెట్ ఒకటి ఉంది.

ఆ ట్రాక్ ఎప్పటిదో మాకు తెలీదు. రెండు వారాల ముందుదేమో, చలి బాగా ఉన్నప్పటిదేమో. స్పీడుగా పోయినవాడి కింద ఐస్ పగిలినా బండి దాటేసి ఉండొచ్చు, వాడు వెనక్కి తిరిగి చూసి కూడా ఉండడు. ముందు వెళ్లిన ట్రాక్ ఒక్క విషయమే చెప్తుంది, ఎవడో ఒకడు ఎప్పుడో ఇక్కడిదాకా వచ్చాడు అని. అవతలికి చేరాడని కూడా చెప్పదు. ఈ ఒక్క ముక్క నేను ఫోన్లో మా వాడి చేత రెండు సార్లు పలికించుకున్నా.

నేను బండి ఆపి పరిగెత్తబోయా. దగ్గర్లో గుడిసెలో చేపలు పడుతున్న పెద్దాయన బయటికి వచ్చి గట్టిగా అరిచాడు, ఆగు, నువ్వు వెళ్తే ఇద్దరు అవుతారు అని. ఆయన చేతిలో తాడు ఉంది. నీళ్లలో ఉన్నవాడిని చూసి ఒకటే మాట పదే పదే అరుస్తున్నాడు, వచ్చిన వైపుకే తిరుగు, వచ్చిన వైపుకే తిరుగు అని. ఎందుకంటే ముందుకి ఎక్కుదామని చూస్తే ముందు ఐస్ ఇంకా పల్చన, వచ్చిన వైపు ఐస్ అంతవరకూ బండిని మోసింది కదా, మనిషిని కూడా మోస్తుంది. వాడు తిరిగాడు, చేతులు ఐస్ మీద పెట్టాడు, ఎక్కబోతే అంచు విరిగింది, మళ్లీ పెట్టాడు, మళ్లీ విరిగింది. ఆయన పొట్ట మీద పడుకుని పాక్కుంటూ కొంత దూరం పోయి తాడు విసిరాడు. నేను ఆయన కాళ్లు పట్టుకున్నా. ఆరేడు నిమిషాలు పట్టి ఉంటుంది, నాకు మాత్రం ఎంతసేపో అనిపించింది. బయటికి వచ్చాక వాడు లేచి నిలబడబోయాడు, ఆయన మళ్లీ అరిచాడు, లేవకు, దొర్లు అని. దొర్లుకుంటూ వచ్చాడు. వాడు వేసుకున్న సూట్ నీళ్లలో తేలే రకం అని మాకు తర్వాత తెలిసింది, వాడు పాతది ఎవరిదో అడిగి తెచ్చుకున్నాడు. మా మిగతా ముగ్గురివీ మామూలు జాకెట్లు.

నీళ్లలో పడితే మనిషికి ఏమవుతుందో మనలో చాలామందికి తప్పు అభిప్రాయం ఉంది. చలికి గడ్డకట్టి చనిపోతారు అనుకుంటాం. అంత టైం ఎక్కడిది, చాలామంది అంతకంటే చాలా ముందే మునిగిపోతారు. కెనడాలో మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఈ విషయం మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు, తను కూడా ఐస్ నీళ్లలోకి దిగి మరీ చూపించారు. ఆయన చెప్పే లెక్క 1, 10, 1. మొదటి 1 నిమిషం చల్లటి నీళ్లు ఒంటికి తగలగానే ఊపిరి దానంతట అదే గట్టిగా లోపలికి లాగేస్తుంది, రొప్పు ఆగదు, ఆ టైంలో తల నీళ్ల కింద ఉంటే అంతే సంగతులు. కాబట్టి ఆ నిమిషంలో చెయ్యాల్సింది ఒకటే, తల పైన ఉంచి ఊపిరి సర్దుకునేదాకా ఓర్చుకోవడం. తర్వాత 10 నిమిషాలు చేతులూ కాళ్లూ మన మాట వింటాయి, బయటపడాలంటే ఆ పది నిమిషాల్లోనే. ఆ తర్వాత వేళ్లు తాడు కూడా పట్టుకోలేవు. స్పృహ తప్పటానికి మాత్రం దాదాపు 1 గంట పడుతుంది. అంటే పడిన వెంటనే అయిపోయింది అనుకుని కంగారు పడి కొట్టుకోవాల్సిన పని లేదు, అలా కొట్టుకోవడం వల్లే ఉన్న బలం పోతుంది. బయటికి రాలేం అని తేలిపోతే చేతులు చాచి తడి స్లీవ్స్ ఐస్ మీద ఆనించి కదలకుండా ఉంచమంటారు, అవి ఐస్ కి అతుక్కుపోతే స్పృహ పోయినా మనిషి కిందకి జారిపోడు, ఎవరైనా వచ్చేదాకా ఆశ ఉంటుంది. ఈ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది కానీ ఇది తెలిసి ఉండటం మంచిది.

బట్టలు బరువు అవుతాయి విప్పేయాలి అని కూడా కొందరు అంటారు, వద్దు. మందపాటి బట్టల్లో చిక్కుకున్న గాలి కాసేపు మనిషిని తేలుస్తుంది, కాస్త వెచ్చదనం కూడా ఉంచుతుంది. నీళ్లు గాలికన్నా 25 రెట్లు తొందరగా ఒంట్లో వేడి లాగేస్తాయి, కాబట్టి ఆ కాస్తా కూడా పనికొస్తుంది. ఎక్కేటప్పుడు చేతుల బలంతో పైకి లేవటం కుదరదు, తడి ఐస్ మీద చేతికి పట్టు ఎక్కడ దొరుకుతుంది. కాళ్లు వెనక్కి చాచి ఈత కొట్టినట్టు తన్నుతూ ఒంటిని నీళ్లకి సమానంగా పడుకోబెట్టి చేపలాగా ఐస్ మీదకి జారాలి. ఇక్కడే ఐస్ పిక్స్ పనికొస్తాయి. రెండు చెక్క పిడులు, వాటికి మేకుల్లాంటి ముళ్లు, మధ్యలో తాడు, మెడలో వేసుకుంటారు. చూడ్డానికి పిల్లలు ఆడుకునే వస్తువులా ఉంటుంది గానీ ఐస్ లోకి గుచ్చి గుచ్చి పాక్కుంటూ రావటానికి అంతకన్నా మంచిది లేదు. బ్యాగ్ లో పెడితే బ్యాగ్ తో పాటు మునుగుతాయి, మెడలోనే ఉండాలి, బయటికి. ఆ రోజు మాలో ఎవరి దగ్గరా లేవు.

ఇంక స్పీడ్ సంగతి. ఈ రోజుల్లో బండ్లు గంటకి 150 కిలోమీటర్లు దాటి పోతాయి, సరస్సు చదునుగా ఉంటుంది, అడ్డం ఏమీ లేదు, చెయ్యి ఊరుకోదు. 80 కిలోమీటర్ల స్పీడులో సెకనుకి 22 మీటర్లు పోతాం. ఏదో నల్లగా కనపడింది అని బుర్రకి అందేలోపు, వేలు బ్రేక్ మీదకి వచ్చేలోపు 30 మీటర్లు అయిపోతుంది, ఆ తర్వాత గాజులాంటి ఐస్ మీద ట్రాక్ పట్టుకోదు, ముందున్న స్కీలు తిప్పినా బండి తిరగదు, నేరుగానే జారుతుంది. రాత్రి అయితే హెడ్‌లైట్ వెలుగు ఎంతవరకు పడుతుందో అంతలోపే ఆగగలగాలి, చాలామంది వెలుగుని దాటి తోలుతున్నారు. మిన్నెసోటాలో పబ్లిక్ సరస్సుల మీద గంటకి 50 మైళ్లు దాటకూడదని రూలే ఉంది, అది కూడా అన్నీ బాగున్నప్పుడు మాట. దానికి తోడు మందు. చలికి వెచ్చగా ఉంటుందని తాగుతారు, తాగితే ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తుంది కానీ లోపలి వేడి ఇంకా తొందరగా బయటికి పోతుంది. స్నోమొబైల్ చావుల రిపోర్టులు ఏ సంవత్సరానివి చూసినా స్పీడు, రాత్రి, మందు ఈ మూడూ కనపడుతూనే ఉంటాయి.

ఇంకో అలవాటు కూడా వచ్చింది, ఐస్ లేని నీళ్ల మీద కూడా ఫుల్ స్పీడులో బండిని జారించి అవతలికి పోవడం, దాన్ని వీడియో తీసి పెట్టడం. బండి స్పీడు తగ్గిన క్షణం రెండొందల కిలోలకి పైన ఇనుము, దాని మీద మనిషి, కిందకే. అలాంటి ఫోటోలు మీ దగ్గరికి వస్తే దయచేసి వెయ్యొద్దు.

ఐస్ మీద స్పీడు గురించి పాతకాలం సంగతి ఒకటి గుర్తొచ్చింది. 1941 నవంబర్ లో రష్యాలో లెనిన్‌గ్రాడ్ నగరం జర్మనీ సైన్యం ముట్టడిలో ఉన్నప్పుడు లడోగా సరస్సు ఐస్ మీద ట్రక్కుల్లో తిండి తీసుకెళ్లారు, ఆ ఊరికి బతుకుదారి అదే. ఎన్నో ట్రక్కులు మునిగిపోయాయి. బండి పోతుంటే ఐస్ పలక కింద నీళ్లలో ఒక అల పుడుతుంది, ఒక రకం స్పీడు దగ్గర ఆ అల స్పీడూ బండి స్పీడూ కలిసిపోయి ఐస్ ఇంకా ఎక్కువ వంగుతుంది. అది కొలిచి చూసుకుని స్పీడు, బండికీ బండికీ మధ్య దూరం సరిచేసుకున్నారు. ఈ అల గొడవ ముఖ్యంగా బరువైన బండ్లకే, స్నోమొబైల్ కి అంత లేదు, కానీ ఐదు బండ్లు పక్కపక్కన ఆపి సెల్ఫీలు దిగేవాళ్లు మాత్రం బరువంతా ఒకే చోట పెడుతున్నారని తెలుసుకోవాలి. ప్రాణాల మీదకి వచ్చిన యుద్ధంలోనే అంత కొలిచి తోలారు, మనం సరదాకి పోతూ కొలవం.

చలికాలాలు కూడా ముందులాగా లేవు. 2023-24 చలికాలం మిన్నెసోటా రికార్డుల్లోనే అన్నిటికన్నా వెచ్చనిది, డిసెంబర్ 29న అప్పర్ రెడ్ లేక్ మీద చేపలు పడుతున్నవాళ్లు వంద మందికి పైగా ఒడ్డు నుంచి విడిపోయిన ఐస్ మీద చిక్కుకుపోయారు, అందరినీ కాపాడి ఒడ్డుకి తెచ్చారు. కెనడాలో యార్క్ యూనివర్సిటీ వాళ్లు 2020లో ఒక స్టడీ వేశారు, 10 దేశాల్లో చలికాలపు మునక చావులు 4000కి పైగా తీసుకుని చూస్తే, బాగా చలి ఉన్నప్పటికన్నా టెంపరేచర్ సున్నాకి దగ్గర్లో, మైనస్ 5 నుంచి 0 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఎక్కువమంది పోయారని తేలింది. మనలాంటివాళ్లకి సరిగ్గా ఆ రోజులే నచ్చుతాయి, ఎండ ఉంది, చలి తక్కువ ఉంది, బయటికి పోదాం అనిపిస్తుంది. 2022 డిసెంబర్ 26న అరిజోనాలో వుడ్స్ కాన్యన్ లేక్ మీద మన తెలుగువాళ్లు ముగ్గురు ఐస్ విరిగి పోయారు, మీ పేపర్లతో సహా అందరూ రాశారు. బండి కూడా లేదు, నడుస్తూ ఉన్నారు అంతే. ఆ వార్త వచ్చినప్పుడు అందరం రెండు రోజులు బాధపడ్డాం, జాగ్రత్తలు రాసిన పేపరు మాత్రం నాకు కనపడలేదు.

ఇదంతా చదివి నేను స్నోమొబైల్స్ కి వ్యతిరేకం అనుకోవద్దు. 1934 చలికాలంలో కెనడాలో క్యూబెక్ లో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ అనే మెకానిక్ కి రెండేళ్ల కొడుకు అపెండిక్స్ ముదిరి చనిపోయాడు, రోడ్లన్నీ మంచుతో మూసుకుపోయి ఆస్పత్రికి తీసుకెళ్లే దారి లేదు. ఆయన మంచు మీద నడిచే బండి కోసం పట్టుబట్టి 1937లో ట్రాక్ కి పేటెంట్ తెచ్చుకున్నాడు, 1959లో వచ్చిన స్కీ-డూ అనే స్నోమొబైల్ కూడా ఆయనదే. ప్రాణం కాపాడటం కోసం పుట్టిన బండి ఇది, ఇప్పటికీ రోడ్లు లేని చోట్ల డాక్టర్లనీ మందుల్నీ చేరవేస్తుంది. సరస్సు మీద పోవటం కూడా తప్పు కాదు, పోయే పద్ధతి ఉంది. విస్కాన్సిన్ లో బేఫీల్డ్ నుంచి మాడలిన్ ద్వీపానికి లేక్ సుపీరియర్ గడ్డకడితే ఐస్ మీదే రోడ్డు వేస్తారు, పండగ అయిపోయాక పడేసిన క్రిస్మస్ చెట్లని దారి పొడవునా గుర్తుగా నాటుతారు. ఐస్ అనుమానంగా ఉంటే కార్లు ఆపేసి గాలి పంకాలతో నడిచే స్లెడ్ (జారుడు బండి) లో మనుషుల్ని దాటిస్తారు, కొన్ని చలికాలాలు అసలు రోడ్డే తెరవరు. పుట్టినప్పటినుంచీ ఆ ఐస్ పక్కనే బతికేవాళ్లు అంత వెనకాడతారు, విమానం దిగి రెండో రోజు బండెక్కే మనం వెనకాడం.

నా విన్నపం ఒకటే. ఈసారి ఇలాంటి ఫోటో వేసినప్పుడు పక్కన ఒక చిన్న బాక్స్ కట్టండి. గట్టి ఐస్ అయితే 5 నుంచి 7 అంగుళాలు, తెల్లదైతే రెట్టింపు, ఇరుకుల దగ్గరా వాగులు కలిసే చోటా పోవద్దు, ట్రైల్ గుర్తులు దాటొద్దు, తేలే సూట్ వేసుకోండి, పిక్స్ మెడలో వేసుకోండి, పడితే వచ్చిన వైపుకే తిరగండి. ఆరేడు లైన్లు పడుతుంది. 'మంచు' అని ఒక్క మాట రాసి వదిలెయ్యకుండా ఐస్ ఎక్కడ, స్నో ఎక్కడ, స్లష్ ఎక్కడ అని విడదీసి రాయండి, మన దగ్గర వేరే మాటలు లేకపోతే ఆ మాటలే తెలుగు అక్షరాల్లో రాయండి, జనానికి అర్థమవుతాయి.

మా చుట్టాలబ్బాయీ వాడి ఫ్రెండ్సూ వచ్చే నెల రెండో వారం వస్తున్నారు. ఐదు జతల పిక్స్ కొని పెట్టా, తేలే సూట్లు రెంటుకి ఇచ్చే చోటు వెతుకుతున్నా. ముందు రోజు సరస్సు దగ్గర ఎర అమ్మే షాపులో ఐస్ ఎలా ఉందో కనుక్కుంటా, వాళ్లకి రోజూ చేపలు పట్టేవాళ్లు వచ్చి చెప్తుంటారు. బాలేదు అంటే ఒడ్డు దిగం, అడవిలో ట్రైల్స్ ఉన్నాయి, అక్కడే తోలుకుంటాం అని చెప్పా. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత సరే అన్నా అన్నాడు.

ఇట్లు
మీ పాఠకుడు,
మిన్నెసోటా